తిరుపతి–చిత్తూరు రోజూ తిరిగేవాడికి ఎలక్ట్రిక్ కారు మేలేనా? గాలి సంగతి, నమ్మకం సంగతి చెప్పండి

పాకాల_జంక్షన్

అందరికీ నమస్కారం. నేనుండేది తిరుపతిలో, పని చిత్తూరులో. పోను డెబ్బై, రాను డెబ్బై కిలోమీటర్లు. ఇప్పుడున్న పెట్రోలు కారు ఇంజిన్ ఆయిలు తాగుతోంది, మార్చక తప్పదు.

చుట్టుపక్కల వాళ్లు రెండు మాటలు చెప్పి నన్ను సందిగ్ధంలో పెట్టారు. ఒకాయన "ముద్దనూరులో బొగ్గు కాల్చి తీసిన కరెంటుతో కారు నడిపి, నేను పొగ వదలడం లేదంటే ఎట్లా?" అన్నాడు. ఇంకొకాయన "మన ఎండలకు బ్యాటరీ మూడేళ్లలో చస్తుంది, అప్పుడు కారు ధరలో సగం పెట్టి కొనాలి" అన్నాడు. డబ్బు లెక్క నేను వేసుకోగలను. లీటరు నూటపది దరిదాపుల్లో ఉన్నప్పుడు రోజుకు తొమ్మిది లీటర్లు పోయించేవాడికి అది కష్టం కాదు. నాకు తెలియాల్సినవి రెండే. ఇది గాలికి నిజంగా మేలు చేస్తుందా? దారి మధ్యలో నన్ను నిలబెట్టకుండా ఉంటుందా? నాన్నను వేలూరు ఆసుపత్రికి తీసుకెళ్లేది ఈ కారులోనే. కొండకూ వెళ్లాలి, అప్పుడప్పుడు బెంగళూరుకూ.

వాడినవాళ్లు, రిపేరు చేసేవాళ్లు చెప్తే వింటాను. షోరూము వాళ్లు చెప్పేది ఇప్పటికే విన్నాను.

అలిపిరి_టాక్సీ

అన్నా, నేను డీజిలు బండే తోల్తా ఉండా, చానా ఏండ్లుగా కొండకే. కరెంటు కారు నాకు లేదు. అయినా ఘాట్‌లో రోజూ చూసేది చెప్తా.

2022 నుంచి ఆర్టీసీ వాళ్లు అలిపిరి డిపో నుంచి కరెంటు బస్సులు కొండకు తోల్తా ఉండారు. కొండ మీద ఉచితంగా తిరిగే ధర్మరథాలు కూడా కరెంటువి వచ్చినాయి. ముందంతా మిట్ట ఎక్కే డీజిలు బస్సు ఎనకాల పడితే అద్దాలు ఎత్తుకోవాల్సిందే. మలుపులో గేరు మార్చినప్పుడల్లా నల్లగా వదిలేది. పిల్లోళ్లు వాంతులు చేసుకునేది సగం ఆ వాసనకే. కరెంటు బస్సు ఎనకాల ఆ బాధ లేదు. బొగ్గు యాడ కాలుస్తారో నాకు తెల్దు గానీ, ఈ శేషాచలం అడివిలో, మెట్ల దారిలో నడిచి పోయే జనం ముక్కుల్లోకి పోయే పొగ మాత్రం తగ్గింది. ఇది నేను కళ్లారా చూసిన సంగతి.

మిట్ట ఎక్కడానికి దానికి బలం చాలదని కొందరు చెప్తారు. అది వట్టిమాట. నిండా జనాన్ని ఎక్కించుకుని నాకంటే నున్నగా పోతాది.

తలకోన

నేను కరెంటు శాఖలో పనిచేసి రిటైరయ్యాను. పాకాల గారి బొగ్గు ప్రశ్నకు జవాబు అంకెల్లోనే చెప్పాలి, నోటిమాటగా చెబితే ఎటువైపైనా లాగొచ్చు.

దేశంలో తయారయ్యే కరెంటులో నూటికి డెబ్బైకి పైగా బొగ్గు నుంచే వస్తోంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా కట్టే లెక్క ప్రకారం గ్రిడ్‌లో ఒక్కో యూనిట్‌కు సగటున 0.72 కిలోల దగ్గర కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. మధ్యస్థం కారు కిలోమీటరుకు 0.15 యూనిట్ తింటుంది. ఛార్జరులో పోయేది, లైన్లలో పోయేది కలుపుకుంటే ప్లాంటు దగ్గర 0.19 యూనిట్ పుట్టాలి. అంటే కిలోమీటరుకు 137 గ్రాములు.

పెట్రోలు కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, కిలోమీటరుకు 153 గ్రాములు. కానీ ఆ పెట్రోలు బంకులో ఊరదు. బావిలోంచి తోడి, ఓడలో తెచ్చి, రిఫైనరీలో వండి, ట్యాంకరులో మనదాకా తేవాలి. దానికి ఐదో వంతు కలిపితే 185 దాకా పోతుంది. బొగ్గు తవ్వకానికీ, రైళ్లకూ ఇటువైపు కూడా కొంత కలపాలి కాబట్టి, తేడా కిలోమీటరుకు 45 గ్రాములు అనుకోండి. తేడా ఉంది, కానీ ప్రకటనల్లో ఆకుపచ్చ రంగు పూసి చూపించేంత లేదు.

ఇక బ్యాటరీ. దాన్ని తయారు చేసేటప్పుడే ఒక అప్పు మీద పడుతుంది. 40 యూనిట్ల బ్యాటరీకి దరిదాపు 3 టన్నుల కార్బన్ డయాక్సైడ్. ఆ అప్పును కిలోమీటరుకు 45 గ్రాముల చొప్పున తీర్చాలంటే అరవై ఐదు వేల కిలోమీటర్లు నడవాలి. పాకాల గారూ, మీరు ఏడాదికి ముప్పై ఐదు, నలభై వేలు తిరుగుతారు. రెండేళ్లలోపే మీకు అప్పు తీరిపోతుంది, ఆ తర్వాతదంతా మిగులే. ఏడాదికి ఐదు వేలు తిరిగి, ఆదివారం కడిగి, కవరు కప్పే వాళ్లకు పదమూడేళ్లు పడుతుంది. అలాంటివాళ్లు ఉన్న కారునే బాగా చూసుకుని నడుపుకుంటే గాలికి ఎక్కువ మేలు.

2021లో ఐసీసీటీ అనే అంతర్జాతీయ సంస్థ పుట్టుక నుంచి తుక్కు దాకా లెక్కగట్టి, భారత్‌లో ఎలక్ట్రిక్ కారు పెట్రోలు కారు కంటే 19 నుంచి 34 శాతం తక్కువ కార్బన్ వదులుతుందని చెప్పింది. యూరపులో అదే 66 నుంచి 69 శాతం. కారు అదే, కరెంటు వేరు. అందుకే ఏ కారు అన్నదానికంటే ఏ కరెంటు, ఎన్ని కిలోమీటర్లు అన్నదే నాకు ముఖ్యం.

పలమనేరు_గాలి

తలకోన సార్ లెక్క బాగుంది. కానీ ఆ 45 గ్రాముల కోసం మనిషి దారిలో పడే అవస్థ ఏ లెక్కలోకి వస్తుంది?

నేను తిరుపతి నుంచి బెంగళూరుకు తరచూ పోతాను. 250 కిలోమీటర్లు. చిత్తూరు దాటాక మొగిలి ఘాట్, పలమనేరు, ముళబాగిలు, అంతా ఎక్కుడే. మా తమ్ముడి ఎలక్ట్రిక్ కారులో పోతే బెంగళూరు నుంచి దిగేటప్పుడు ఒక రకంగా, ఎక్కేటప్పుడు ఇంకో రకంగా ఉంటుంది. దిగేటప్పుడు హాయిగా వస్తాం. ఎక్కేటప్పుడు శాతం కరిగిపోతా ఉంటే గుండె దడ. పండగ ముందు రోజు హైవే ఛార్జరు దగ్గర మనకంటే ముందు ఇద్దరు ఉన్నారంటే గంటన్నర అక్కడే. ఒక గన్ పనిచేయదు, ఇంకోదానికి యాప్ ఒప్పుకోదు. ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని ఇదంతా పడలేం. పెట్రోలు బంకులో ఐదు నిమిషాలు చాలు.

మంగాపురం_టీచర్

పలమనేరు తమ్ముడూ, నువ్వు చెప్పింది నిజం. హైవే మీద పండగ రోజుల్లో నేనూ ఆగాను. కానీ పాకాల గారు అడిగింది రోజూ నూటనలభై కిలోమీటర్ల గురించి. రాత్రి ఇంట్లో ప్లగ్ పెట్టి పొద్దున తీసేవాళ్లకు బయటి ఛార్జరుతో పనే ఉండదు. నేను కొన్నేళ్లుగా ఎలక్ట్రిక్ కారులోనే బడికి పోతున్నాను. బంకు ముఖం చూసింది టైర్లలో గాలి కోసమే.

ఎండ సంగతి నేను చెప్తాను, ఎందుకంటే రేణిగుంట వైపు మే నెల ఎలా ఉంటుందో బయటివాళ్లు ఊహించలేరు. బడిలో నీడ లేదు. సాయంత్రం కారు తలుపు తీస్తే లోపల పొయ్యి. ఏసీ చల్లబరచడానికే మొదటి పది నిమిషాలు గట్టిగా లాగుతుంది. ఎండాకాలంలో నాకు రేంజి, అంటే ఒక ఛార్జికి నడిచే దూరం, పదిలో ఒక వంతు తగ్గుతుంది. బ్యాటరీ మాత్రం పోలేదు, కొంచెం తగ్గినట్టు తెలుస్తోంది. నేను పాటించేది ఒక్కటే: నూరు శాతం నింపి ఎండలో నిలబెట్టను. ఎనభై దగ్గర ఆపేస్తాను.

అపార్ట్‌మెంటులో ప్లగ్ పాయింటు కోసం అసోసియేషన్‌తో పడ్డ గొడవ మాత్రం చిన్నది కాదు. అగ్గి అంటుకుంటుందని భయం. సొంత ఇల్లు కాకపోతే కారు బుక్ చేసే ముందే ఆ మాట తేల్చుకోండి.

కరకంబాడి_వోల్టు

నేను బ్యాటరీల పరిశ్రమలో ఉన్నాను, కంపెనీ పేరు అవసరం లేదు.

టీచర్ గారు చేస్తున్నది సరైన పని. లిథియం సెల్‌కు ఇద్దరు శత్రువులు: వేడి, నిండా ఛార్జి. ఆ రెండూ ఒకేసారి ఉంటే లోపలి రసాయనాలు త్వరగా పాడవుతాయి. "మూడేళ్లలో చస్తుంది" అన్న మాట పుట్టడానికి ఒక కారణం ఉంది. అమెరికాలో అరిజోనా ఎడారిలో నిస్సాన్ లీఫ్ కార్లకు మొదట్లోనే బ్యాటరీలు త్వరగా తగ్గిపోయాయి, 2012లో అది పెద్ద వార్త. ఆ కారులో బ్యాటరీని చల్లబరిచే ద్రవం లేదు, గాలి తగలడమే దిక్కు. ఇప్పుడు మన దగ్గర అమ్మే కార్లలో చాలావాటికి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉంది. కొనేముందు ఆ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి, చిన్న చవక కార్లలో కొన్నింటికి ఇప్పటికీ లేదు. చాలా కంపెనీలు ఎనిమిదేళ్లు, లక్షా అరవై వేల కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. మీ తిరుగుడుకు ఏళ్లకంటే కిలోమీటర్లే ముందు అయిపోతాయి, అది గుర్తుపెట్టుకోండి.

రకం కూడా అడగండి. ఎల్ఎఫ్‌పీ అనే ఇనుము, ఫాస్ఫేటు రకం వేడిని బాగా తట్టుకుంటుంది, అగ్గి అంటుకునే గుణం తక్కువ, ఎక్కువసార్లు ఛార్జి చేయొచ్చు. అందులో కోబాల్టు, నికెలు ఉండవు. ప్రపంచంలో తవ్వే కోబాల్టులో సగానికి చాలా పైగా కాంగో దేశం నుంచే వస్తోంది, అక్కడి గనుల్లో పిల్లల చేత పని చేయించడం అందరూ ఒప్పుకున్న నిజం. గాలికి మేలు చేస్తున్నామనుకుంటూ ఆ పాపంలో భాగం పంచుకోవడం నాకు మనసొప్పదు. కాబట్టి ఎల్ఎఫ్‌పీ. దానికి వారానికోసారి నూరు శాతం నింపమని కంపెనీలే చెబుతాయి, మీటరు సరిగ్గా చూపించడానికి. నింపిన వెంటనే బయల్దేరండి, అంతే.

గ్రీజుచేతులు

చిత్తూరులో షెడ్డు నాది. పెట్రోలు, డీజిలు బండ్లే ఎక్కువ. ఇప్పుడిప్పుడే కరెంటు బండ్లు కూడా బ్రేకులకూ సస్పెన్షనుకూ వస్తా ఉండాయి.

నమ్మకం మాట అడిగినారు కదా. కరెంటు బండిలో చెడిపోయేదానికి సామాన్లే తక్కువ. క్లచ్ లేదు, గేర్లు మార్చే పని లేదు, ఇంజక్టర్లు లేవు, టైమింగ్ బెల్టు లేదు, ఇంజిన్ ఆయిలు మార్చే పని లేదు. బ్రేకు ప్యాడ్లు ఏండ్ల తరబడి అరగవు. మా పొట్టకు దెబ్బే, అయినా ఉన్న మాట చెప్పాల.

ఇంకో పక్క కూడా చూడండి. మా బంధువుల కారుకు లోపలుండే ఛార్జరు పెట్టె పోయింది. చూస్తే చిన్న భాగం. దాన్ని తెరవనీరు, మొత్తం మార్చాలంటారు. ఆ పెట్టె రావడానికి నెల దాటింది. నెలంతా బండి సర్వీసు సెంటర్లోనే. పెట్రోలు బండి అయితే పాకాలలో ఆగినా, పూతలపట్టులో ఆగినా ఎవడో ఒక మెకానిక్కు వచ్చి ఇల్లు చేర్చేస్తాడు. కరెంటు బండి ఆగితే లారీ మీదే పోవాల. ఆగేది తక్కువ, ఆగితే మాత్రం మన చేతిలో ఏమీ ఉండదు.

డీజిలు కొనాలనుకుంటే ఒక మాట. 2020లో బీఎస్ 6 అనే పొగ నిబంధనలు వచ్చినాక డీజిలు బండ్లకు మసిని పట్టే ఫిల్టరు పెట్టినారు. ఊర్లోనే నాలుగు కిలోమీటర్లు తిరిగేవాళ్లకు అది మూసుకపోయి లైటు ఎలుగుతాది. మీరు హైవే మీద పొయ్యేవాళ్లు, మీకు ఆ తిప్పలు తక్కువే.

తలకోన

గ్రీజుచేతులు తమ్ముడు చెప్పిన మాటకే బయటి దేశాల లెక్క తోడుగా ఉంది. జర్మనీలో అడాక్ అనే సంఘం రోడ్డు మీద ఆగిపోయిన కార్ల దగ్గరికి వెళ్లి సాయం చేస్తుంది. 2024లో వాళ్ల దగ్గరికి వచ్చిన పిలుపుల్లో, రెండు నుంచి నాలుగేళ్ల వయసున్న కార్లు చూస్తే, వెయ్యి ఎలక్ట్రిక్ కార్లకు 4.2 ఆగాయి, ఇంజిన్ కార్లు 10.4 ఆగాయి. అదే ఏడాది అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక యజమానులను అడిగితే ఎలక్ట్రిక్ కార్లలో ఫిర్యాదులు 42 శాతం ఎక్కువ వచ్చాయి.

రెండూ నిజమే. మొదటిది నడిరోడ్డు మీద ఆగిన కార్ల లెక్క. రెండోది తెర పనిచేయలేదు, తలుపు హ్యాండిలు రాలేదు, ఛార్జింగ్ తిక్కగా ఉంది అనే ఫిర్యాదులు కూడా కలిపిన లెక్క. కొత్త రకం కారు, కొత్త సాఫ్ట్‌వేరు, తప్పులు ఎక్కువే ఉంటాయి. పాకాల గారు అడిగింది నిలబెడుతుందా అని, కాబట్టి మొదటి లెక్కే ఆయనకు పనికొచ్చేది.

కరకంబాడి_వోల్టు

ఆ జర్మనీ లెక్కలో ఇంకో విషయం ఉంది. రెండు రకాల కార్లూ ఆగిపోవడానికి మొదటి కారణం ఒక్కటే, 12 వోల్టుల చిన్న బ్యాటరీ. ఎలక్ట్రిక్ కారులో కూడా అది ఉంటుంది. తాళం తెరవడానికీ, కంప్యూటర్లు మేలుకోవడానికీ, పెద్ద బ్యాటరీని కలిపే స్విచ్ పడడానికీ అదే దిక్కు. అది చచ్చిపోతే కింద నలభై యూనిట్లు నిండుగా ఉన్నా కారు కదలదు. ఎక్కువ కార్లలో అది ఇప్పటికీ సీసం బ్యాటరీయే. మూడేళ్లకోసారి చూపించుకుని మార్చేయండి. పెట్రోలు కారులో అయితే సెల్ఫ్ కొట్టేటప్పుడు మూలిగి ముందే చెబుతుంది. ఇందులో ఏ సూచనా ఇవ్వకుండా పోతుంది.

సీసం అన్నాను కాబట్టి ఇంకో మాట. "లిథియం బ్యాటరీ పాతబడితే భూమికి విషం" అనేవాళ్లు పెట్రోలు కారులో ఉన్న సీసం సంగతి మర్చిపోతారు. మన జిల్లాకు ఇది పరాయి విషయం కాదు. 2021లో కరకంబాడి, నూనెగుండ్లపల్లె బ్యాటరీ ఫ్యాక్టరీలకు కాలుష్య నియంత్రణ మండలి మూసివేత ఉత్తర్వులివ్వడం, హైకోర్టు వాటిని నిలుపుదల చేయడం అందరికీ గుర్తుండే ఉంటుంది. సీసం బ్యాటరీకి ఒక మంచి గుణం ఉంది: పాతదానికి షాపువాడు డబ్బిస్తాడు, అందుకే ఎవరూ పారేయరు, దాదాపు అంతా మళ్లీ కరుగుతుంది. ఎక్కడ కరిగిస్తారన్నదే ప్రాణం మీదికొచ్చే విషయం. లైసెన్సు లేని కొలిమిలో కరిగిస్తే ఆ చుట్టుపక్కల పిల్లల రక్తంలోకి సీసం చేరుతుంది.

లిథియంకు 2022లో కేంద్రం బ్యాటరీ వ్యర్థాల నియమాలు తెచ్చింది. తయారు చేసినవాళ్లే పాతవి వెనక్కి తీసుకోవాలి, అందులోని లోహాలను వెలికితీయించాలి. కాగితం మీద బాగుంది. కార్ల బ్యాటరీలు పెద్ద సంఖ్యలో పాతబడే రోజు ఇంకా రాలేదు కాబట్టి అసలు పరీక్ష ముందుంది. కారులో పని అయిపోయిన బ్యాటరీలో ఇంకా డెబ్బై శాతం ఓపిక ఉంటుంది. సోలారు కరెంటు దాచుకోవడానికి దాన్ని ఇంకో పదేళ్లు వాడొచ్చు. ఎల్ఎఫ్‌పీలో ఖరీదైన లోహాలు లేవు కనుక తుక్కువాళ్లకు దానిమీద ఆశ తక్కువ, ఆ రకానికి ఇది ఒక లోపం. అందుకే ప్రభుత్వం గట్టిగా వెనకపడాల్సింది కూడా దాని విషయంలోనే.

తిరుపతిలో 2022లో మొదలైన లిథియం సెల్ ఫ్యాక్టరీ గురించి కొందరు అడుగుతుంటారు. అప్పుడు ప్రకటించిన సామర్థ్యం ఏడాదికి 270 మెగావాట్ అవర్లు, ఫోన్లకు, పవర్ బ్యాంకులకు పనికొచ్చే చిన్న సెల్స్. కార్లవి కావు. అయినా ఈ పని మన ఊళ్లో నేర్చుకోవడం మొదలైందంటే నాకు చాలా సంతోషం.

బెల్లంగానుగ

మీరంతా పెట్రోలు, బొగ్గు అంటున్నారు. పెట్రోలులో ఇప్పుడు నూటికి ఇరవై వంతులు ఇథనాల్ కలుస్తోంది. చెరకు రైతు ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి దీనిమీద నాలుగు మాటలు రాయాలి.

చిత్తూరు చుట్టూ ఒకప్పుడు చెరకే. సహకార చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఎంతమంది చెరకు పీకేశారో నాకు తెలుసు. ఇథనాల్‌తో రైతుకు మంచి రోజులొస్తాయని ఆశ చూపారు. ఇప్పుడు దేశంలో ఇథనాల్ ఎక్కువగా మొక్కజొన్న, బియ్యం లాంటి ధాన్యాల నుంచే వస్తోంది. చెరకైనా, వరైనా నీళ్లు తాగే పంటలే. పడమటి మండలాల్లో వెయ్యి అడుగులు బోరు వేసినా చుక్క రాని చోట్లున్నాయి. అలాంటి నేలలో నీళ్లు తోడి, పంట పండించి, దాన్ని ఉడికించి కారులో కాల్చడం నాకు మింగుడు పడదు. అదే నేలలో ఒక ఎకరా సోలారు పలకలు పరిస్తే వచ్చే కరెంటుతో నడిచే కిలోమీటర్లు ఎన్నో రెట్లు ఎక్కువ, చుక్క నీరు అక్కర్లేదు, పలకలు కడగడానికి తప్ప.

కొత్త కార్లు ఈ ఇరవై శాతానికి తగ్గట్టే తయారవుతున్నాయి. పాత కార్లకు మైలేజీ ఆరు శాతం దాకా తగ్గుతుంది, రబ్బరు పైపులు, గాస్కెట్లు చూపించుకోవాలి.

పలమనేరు_గాలి

ఇథనాల్ మాట పక్కన పెడదాం, ఇంకో భయం చెప్తాను. 2021 నవంబరులో తిరుపతిలో ఏం జరిగిందో అందరూ చూశారు. స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు తెగుతుందని ఊళ్లు ఖాళీ చేయించారు, ఘాట్ రోడ్డులో కొండచరియలు పడ్డాయి. నీళ్లలో కరెంటు కారు? నేనైతే అందులో కూర్చోను.

గ్రీజుచేతులు

ఆ వరదలప్పుడు నా షెడ్డుకు వచ్చిన బండ్లన్నీ పెట్రోలు, డీజిలువే. గాలి పీల్చే గొట్టంలోంచి నీళ్లు ఇంజిన్లోకి పొయ్యి, కనెక్టింగ్ రాడ్లు వంగిపొయ్యినాయి. ఇంజిన్ అంతా ఇప్పాల్సి వచ్చింది.

కరకంబాడి_వోల్టు

కార్ల బ్యాటరీ పెట్టెకు సాధారణంగా ఐపీ67 ముద్ర ఉంటుంది. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోకూడదని దానర్థం. షార్టు అయితే క్షణంలో కరెంటు తెగిపోయే ఏర్పాటు ఉంటుంది. అయినా అండర్‌పాస్‌లో నిలిచిన నీళ్లలోకి ఏ కారునూ దించకండి. అక్కడ ప్రాణం తీసేది నీటి లోతు, అది బండి రకం చూడదు. మునిగి తేలిన ఎలక్ట్రిక్ కారును మాత్రం ఎండాక ఛార్జింగ్ పెట్టొద్దు, నేరుగా కంపెనీకి పంపాలి.

మంగాపురం టీచర్ గారి అసోసియేషన్ వాళ్ల భయానికి కూడా ఒక కారణముంది. 2022లో విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయాడు. ఆ ఏడాది దేశమంతా స్కూటర్లు కాలాయి. తర్వాత కేంద్రం బ్యాటరీ భద్రత ప్రమాణాలను కఠినం చేసింది. కారు బ్యాటరీకి చల్లబరిచే ఏర్పాటు, ఒక్కో సెల్‌ను కాపలా కాసే కంప్యూటరు ఉంటాయి. చవక స్కూటరును, కారును ఒకే గాటన కట్టకూడదు.

పాకాల_జంక్షన్

ఇంత ఓపిగ్గా రాస్తున్నందుకు అందరికీ రుణపడి ఉంటాను. కొండ గురించి ఒక ప్రశ్న. ఘాట్ ఎక్కితే ఛార్జి ఎంత పోతుంది? దిగేటప్పుడు తిరిగొస్తుందంటారు, ఎంత?

తలకోన

ఇది నాకిష్టమైన లెక్క. తిరుపతి నుంచి తిరుమలకు ఎత్తు తేడా 700 మీటర్లు. మనుషులతో కలిపి 1,800 కిలోల కారును అంత ఎత్తుకు లేపడానికే మూడున్నర యూనిట్లు కావాలి, ఏ ఇంధనమైనా భౌతికశాస్త్రం అడిగేది అంతే. టైర్ల రాపిడి, మోటారులో పోయేది కలిపితే పద్దెనిమిది, పంతొమ్మిది కిలోమీటర్ల ఎక్కుడుకు ఐదున్నర యూనిట్లు. ఏసీ వేస్తే ఆరు.

దిగేటప్పుడు ఆ మూడున్నరలో ఒకటి రాపిడికి పోతుంది. మిగిలిన రెండున్నరను మోటారు జనరేటరుగా మారి పట్టుకుంటుంది, అందులో కొంత వేడిగా పోయి బ్యాటరీలోకి ఒకటిన్నర నుంచి రెండు దాకా చేరుతుంది. దిగే దారిలో నలభై నిమిషాలకు తక్కువ కాకూడదనే నిబంధన ఉంది కదా, గంటకు ఇరవై ఏడు కిలోమీటర్ల వేగమన్నమాట. ఈ నిదానం ఎలక్ట్రిక్ కారుకు చక్కగా కలిసొస్తుంది. పెట్రోలు కారు దిగేటప్పుడు ఇంధనం ఖర్చు చేయకపోవచ్చు, కానీ ఎక్కేటప్పుడు పోసినదాంట్లో చుక్క కూడా వెనక్కి తేలేదు. ఆ శక్తంతా బ్రేకుల్లో, ఇంజిన్లో వేడిగా పోతుంది.

ఒక జాగ్రత్త. కొండ మీద నూరు శాతం నింపుకుని దిగకూడదు. నిండిన బ్యాటరీ ఇంకేమీ పుచ్చుకోదు, అప్పుడు కారును పట్టి ఆపే ఆ లాగుడు ఉండదు, బరువంతా బ్రేకుల మీద పడుతుంది.

పలమనేరు గారికి కూడా జవాబు ఇందులోనే ఉంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. మీరు పోయేటప్పుడు 250 కిలోమీటర్లకు తోడు తిరుమల కొండంత ఎక్కుడు ఎక్కుతున్నారు. 40 యూనిట్ల బ్యాటరీకి అది ఒక్క ఛార్జిలో కాని పని. పలమనేరులోనో, ముళబాగిలులోనో ఒకసారి ఆగాల్సిందే.

అలిపిరి_టాక్సీ

సార్ చెప్పిన బ్రేకు మాట అందరూ గుర్తుపెట్టుకోండి. బయటి ఊర్ల నుంచి వచ్చేవాళ్లు దిగేటప్పుడు న్యూట్రల్లో వదిలి బ్రేకు తొక్కుతానే వస్తారు. చివరి మలుపుల్లో చక్రాల నుంచి పొగ వస్తాది. డీజిలు అయితే రెండో గేరు, కరెంటు అయితే ఆ లాగుడు ఎక్కువలో పెట్టుకోవాల. సాములు దండం పెట్టుకుని వచ్చినారు, క్షేమంగా దిగాల.

నాకొక సందేహం. మా లాంటోళ్లం టాక్సీకి కరెంటు కారు తీసుకుంటే? రోజుకు మూడు వందలు తిరుగుతాం.

తలకోన

ఈ చర్చ అంతటిలో గాలికి అన్నిటికంటే మేలు చేసేది మీ కారు మారడమే తమ్ముడూ. ఏడాదికి డెబ్బై, ఎనభై వేల కిలోమీటర్లు తిరిగే బండికి బ్యాటరీ అప్పు ఏడాదిలో తీరిపోతుంది. బస్సుకు ఇంకా త్వరగా. ఎక్కువ తిరిగే బండ్లు ముందు మారాలి, ఇంట్లో నిలబడే బండ్లు చివర. మన దగ్గర అమ్మకాలు దానికి తలకిందులుగా ఉన్నాయి. ఇంట్లో మూడో కారుగా కొనేవాళ్లకు కూడా జీఎస్టీ 5 శాతమే. టాక్సీవాళ్లకు వాయిదా వడ్డీ తగ్గించి, రైల్వే స్టేషను దగ్గర, అలిపిరి దగ్గర వాళ్లకోసమే ఛార్జర్లు పెడితే ఆ డబ్బుకు ఎంతో ఎక్కువ ఫలితం ఉంటుంది.

మంగాపురం_టీచర్

అలిపిరి తమ్ముడికి ఛార్జరు దగ్గర గంట నిలబడితే ఒక ట్రిప్పు పోతుంది. అది ఎవరు ఇస్తారో కూడా ఆలోచించాలి సార్.

తలకోన

నిజమే అమ్మా. అందుకే టాక్సీ స్టాండులోనే ఉండాలంటున్నాను, బేరం కోసం ఎలాగూ ఆగే చోట.

పాకాల గారికి చివరగా ఒక మాట. మీరు రాత్రి ఛార్జి చేస్తే వచ్చేది ఎక్కువగా బొగ్గు కరెంటు. మధ్యాహ్నం రాయలసీమలో సోలారు పార్కులన్నీ నిండుగా పనిచేస్తుంటాయి, కర్నూలు దగ్గరదొక్కటే వెయ్యి మెగావాట్లు. ఆఫీసులో పగలు ప్లగ్ దొరికితే మీ కారు నడిచేది చాలావరకు ఎండతోనే. ఇంటి మీద 3 కిలోవాట్ల సోలారు పెట్టుకుంటే కేంద్రం 78,000 రాయితీ ఇస్తోంది, రోజుకు 12 యూనిట్లు వస్తాయి, మీ రోజు ఖర్చులో సగం. మొత్తం ఎండ కరెంటే అయితే ఆ బ్యాటరీ అప్పు అరవై ఐదు వేలకు బదులు పదిహేడు వేల కిలోమీటర్లలో తీరుతుంది. ఇంటి మీటరుకే తగిలిస్తే పై స్లాబులోకి పోయి యూనిట్ పది రూపాయల దగ్గర పడుతుంది. కాబట్టి ఛార్జింగ్‌కు విడిగా కనెక్షను అడగండి.

పాకాల_జంక్షన్

మా ఆఫీసు వెనక వేపచెట్ల కింద షెడ్డు ఉంది, అందులో 15 ఆంప్స్ సాకెట్టు కూడా ఉంది. మా అధికారిని అడిగితే మీటరు పెట్టి డబ్బు కట్టించుకుంటానన్నారు. ఎల్ఎఫ్‌పీ, ద్రవంతో చల్లబరిచేది, 40 యూనిట్ల పైన ఉన్నది చూస్తున్నాను. బెంగళూరుకు ఇకమీదట రైలు. నాన్నను వేలూరు తీసుకెళ్లి తిరిగి రావడానికి ఆ ఛార్జి సరిపోతుందా? పోను నూటపది దాకా ఉంటుంది. ఆ ఆఫీసు సాకెట్టుతో రోజూ కావలసినంత నిండుతుందా?

కరకంబాడి_వోల్టు

వేలూరు రానూపోనూ 220 కిలోమీటర్లు, ఏసీతో 36 యూనిట్ల దాకా. 40 యూనిట్ల కారులో అంచుకు వస్తారు, ఆసుపత్రి పని మీద అంచుకు పోకూడదు. 50 దగ్గరున్నది తీసుకోండి, లేదా వచ్చేటప్పుడు చిత్తూరులో మీ సాకెట్టు దగ్గరే రెండు గంటలు ఆగండి.

రోజువారీకి మీకు కావలసింది 23 యూనిట్లు. 15 ఆంప్స్ సాకెట్టు 3.3 కిలోవాట్లు ఇస్తుంది, ఏడు గంటలకు 23. సరిగ్గా మీ ఆఫీసు వేళలే. ఏడు గంటలు ఆగకుండా ఆ లోడు మోయడం పాత వైరింగుకు చేతకాదు. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ విడిగా లాగించి, లోడు మించితే తెగే ఎంసీబీ, కరెంటు లీకైతే తెగే ఆర్సీసీబీ స్విచ్‌లు పెట్టించండి. ఎర్తింగ్ గుంతలో ఉప్పు, బొగ్గు, నీళ్లు ఉన్నాయో లేదో చూపించండి. ఎర్తింగ్ సరిగా లేకపోతే చాలా కార్లు ఛార్జే పుచ్చుకోవు.

గ్రీజుచేతులు

వైరింగు చేసే మనిషి నాకు తెలిసినాయన ఉండాడు, చిత్తూరులోనే. షెడ్డుకు రండి, నేనే దగ్గరుండి చూపిస్తా.